ఆగిన చోటి నుంచి

మా నాటకశాలలో వేదికకూ ప్రేక్షకుల మొదటి వరుసకూ మధ్య, మనిషి లోతున దిగిపోయిన చోటు ఒకటి ఉంది. వాద్యబృందం కూర్చునేది అందులోనే. దాని అసలు పేరు ఏదైనా కానీ మేమంతా గుంట అంటాం. "గుంటలో ఉన్నాను, తర్వాత మాట్లాడతా" అని మావాళ్ళు ఫోనులో అంటుంటే కొత్తవాళ్ళు కంగారు పడటం మామూలే. ఆ గుంటలో నేను డ్రమ్ములు వాయిస్తాను. నా చోటు వెనక గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి అందరి వీపులూ నాకు కనిపిస్తాయి. ఎవరు నిద్ర చాలక వచ్చారో, ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చారో వీపు చూసి చెప్పేయగలను.

నాకు అందరికంటే బాగా తెలిసిన వీపు ఒక ఫిడేలు ఆవిడది. సరిగ్గా నా ముందే, ఫిడేళ్ళ వరుసల్లో అన్నిటికంటే వెనక కుర్చీలో కూర్చునేది. బృందంలో అందరూ ఆవిడను 'చివరి కుర్చీ' అనేవాళ్ళు. ఎగతాళికి కాదు, ఆవిడే ఆ కుర్చీని పట్టుకుని వదిలేది కాదు. ముందు వరుసలో ఖాళీ వచ్చినప్పుడల్లా బృందాన్ని నడిపించే మాస్టారు పిలిచేవారు. "ఇక్కడైతే గాలి బాగా వస్తుంది మాస్టారూ" అని తప్పించుకునేది. గుంటలో గాలి ఏ మూలకూ రాదు. ఆ సంగతి మాస్టారికీ తెలుసు.

నన్ను అన్నయ్యా అని పిలిచేది. నిజానికి మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఏళ్ళ తరబడి ఒకరి వెనక ఒకరు కూర్చుంటే చుట్టరికం దానంతటదే వచ్చేస్తుంది.

వాయించడం మాటకొస్తే, ఆవిడ చెయ్యి ఎలాంటిదో నాకు బాగా తెలుసు. ఒకసారి పొద్దున్నే డ్రమ్ము చర్మం మార్చడానికి వచ్చాను. వాద్యాలు దాచే గదిలోంచి ఫిడేలు వినిపించింది. మొదటి ఫిడేలు పెద్దాయన వచ్చారనుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. తలుపు తీస్తే ఈవిడ. నన్ను చూడగానే కమాను తీగల మీద నుంచి జారిపోయింది. దొంగతనం చేస్తూ దొరికిపోయిన మనిషిలా ముఖం ఎర్రబడింది.

"ఎంతసేపైంది అన్నయ్యా వచ్చి?"

"ఇప్పుడే. ఆపావేం? బాగుంది కదా."

"ఏదో ఊరికే," అంది, ఫిడేలు పెట్టెలో పెట్టేస్తూ.

ఆ రోజు ఆవిడ వాయించినది మా నాటకంలో పెద్దాయన ఒక్కరే వాయించే ఘట్టం. కథలో ఒక తల్లి చాలాకాలానికి ఇంటికి తిరిగొస్తుంది. ఇల్లు ఖాళీగా ఉంటుంది. అప్పుడు దీపాలన్నీ ఆరిపోతాయి, బృందమంతా ఆగిపోతుంది, ఫిడేలు వాయించే మనిషి గుంటలోంచి మెట్లెక్కి వేదిక మూలన వెలుగులో నిలబడి ఒంటరిగా వాయించాలి. అక్కడ ఆ తల్లికి మాటలు లేవు. మాటలన్నీ ఫిడేలువే.

ఆవిడ తండ్రిది వాద్యాలు బాగుచేసే దుకాణం. కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. జిగురు, వార్నిషు, కొత్తగా చిత్రిక పట్టిన చెక్క, ఈ మూడు వాసనల మధ్యే ఆవిడ పెరిగింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రే జడ వేసి, తండ్రే చేతిలో కమాను పెట్టి నేర్పాడు. పిల్ల త్వరగానే పట్టేసింది. స్కూల్లో పోటీకి పేరిచ్చారు. వేదిక ఎక్కింది, మొదలుపెట్టింది, సగంలో చెయ్యి వణికింది. ఆగిపోయింది. తర్వాతి స్వరం ఏదో తెలుసు, కానీ చెయ్యి కదల్లేదు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ నవ్వలేదు. మొదటి వరుసలోంచి తండ్రి పరుగెత్తుకొచ్చి, పిల్లను ఫిడేలుతో సహా ఎత్తుకుని, గుండెకు హత్తుకుని బయటికి తీసుకెళ్ళిపోయాడు.

ఆ తండ్రి కోప్పడలేదు, కొట్టలేదు. దారి పొడుగునా వీపు నిమురుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఎవరైనా "మీ అమ్మాయి చేత ఓ పాట వాయించండి" అంటే తానే అడ్డంగా నిలబడేవాడు. "మా పిల్లకు జంకండీ. పదిమందిలో నిలబడలేదు. దాన్ని ఇబ్బంది పెట్టకండి." దుకాణానికి వచ్చిన వాళ్ళకు, ఇరుగుపొరుగుకు, స్కూలు టీచర్లకు, చివరికి పెళ్ళిచూపులప్పుడు కాబోయే అల్లుడికి కూడా ఇదే చెప్పాడు. ప్రేమతోనే చెప్పాడు. వినగా వినగా ఆ మాట కూడా పేరూ, పుట్టుమచ్చా లాగే తనదేనని ఆవిడ నమ్మేసింది.

మా బృందంలోకి ఎలా వచ్చిందంటారా? ఇక్కడ పరీక్ష తెర వెనక జరుగుతుంది. వాయించేది ఎవరో వినేవాళ్ళకు కనపడకూడదని మాస్టారి నియమం. తెర ఉంది కాబట్టి ఆవిడ నిర్భయంగా వాయించింది. మాస్టారు తెర తీసి, ముడుచుకుని నిలబడ్డ మనిషిని చూసి, "నువ్వా? ఇప్పుడు వాయించింది నువ్వేనా?" అని రెండుసార్లు అడిగారట. ఆ తర్వాత అలాంటి ఫిడేలు ఆయనకు మళ్ళీ వినపడనేలేదు. బృందంలో అందరితో కలిపి వాయించేటప్పుడు ఆవిడ పక్కవాళ్ళ నాదం కింద తన నాదాన్ని దాచేసేది. నాటకం మొదలయ్యే ముందు ప్రతిసారీ కడుపు పట్టుకుని కూర్చునేది. సంచిలో మాత్రలు. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి కడుపులో ఏమీ లేదన్నాడు. "ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎవరిదండీ, మీదా?" అని అడిగి వచ్చిందట. ఆ మాట నాకు చెప్పి తనే నవ్వింది. గుంట బయట మంచి మాటకారే.

ఇలా ఉండగా పెద్దాయన స్కూటర్ మీద నుంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నారు. రిహార్సల్ మధ్యలో మాస్టారు తాళం చూపే కర్ర కింద పెట్టి తిన్నగా చివరి కుర్చీ వైపు చూశారు.

"ఆ ఘట్టం నీకు వచ్చు. నువ్వు వాయించు."

వీపు బిగుసుకుపోవడం నాకు కనిపించింది.

"నా వల్ల కాదు మాస్టారూ."

"వచ్చా రాదా అని కాదు నేను అడిగింది. వచ్చని నాకు తెలుసు."

"నాకు జంకండీ. పదిమందిలో నిలబడలేను."

తండ్రి మాటను పొల్లు పోకుండా అప్పజెప్పింది. మాస్టారు కర్ర మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. ఆ ఘట్టాన్ని క్లారినెట్ అతనికి ఇచ్చారు. అతను మంచి వాద్యకారుడు, రెండు రోజుల్లో సిద్ధమయ్యాడు. నాటకంలో చక్కగా వాయించాడు, జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా మా ఫిడేలావిడ ఒళ్ళో ఫిడేలు పెట్టుకుని తల వంచుకునే కూర్చుంది. నాటకం అయ్యాక నేను డ్రమ్ములకు గుడ్డలు కప్పుతుంటే నా దగ్గరికి వచ్చింది.

"బాగా వాయించాడు కదన్నయ్యా?"

"బాగానే వాయించాడు."

"కాగితంలో మూడో వరుస దగ్గర ఊపిరి కోసం ఆగాడు. అక్కడ ఆగకూడదు. ఆ తల్లి గుమ్మం దాటుతూ ఉంటుంది కదా, నాదం తెగకూడదు." అంటూ నా డ్రమ్ము మీది గుడ్డ సర్దింది. "అక్కడ ఎలా వాయించాలో నాకు తెలుసు. తెలిసి కూడా కూర్చున్నాను."

ఆ మాట అని వెళ్ళిపోయింది. తర్వాత జరిగినదంతా ఆవిడా, ఆవిడ వదినగారూ చెప్పగా విన్నదీ, కొంత నేను కళ్ళారా చూసిందీ.

ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నెమ్మదైన మనిషి. ఆ కుటుంబంలో నోరంతా అతని అక్కగారిది. ఆ అక్కగారు మునిసిపల్ ఈతకొలనులో పెద్దవాళ్ళకు ఈత నేర్పుతుంది. మెడలో ఈల, కాళ్ళకు రబ్బరు చెప్పులు, వీధి చివర నిలబడి పలకరించినా ఇంట్లో పాలు పొంగుతున్నంత కంగారు పుట్టించే గొంతు. మరుసటి రోజు తమ్ముడి ఇంటికి వచ్చేసరికి మరదలు కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏమయ్యిందే? మా వాడేమన్నా అన్నాడా?"

"ఆయనకు అంత నోరెక్కడుంది వదినా?"

"అదీ నిజమే. మరి?"

జరిగింది చెప్పింది. వదినగారు ఓదార్చలేదు. బీన్స్ ఈనెలు తీస్తూ అంతా విని, "రేపు పొద్దున నాతో కొలనుకు రా," అంది.

"నాకు ఈత ఎందుకు వదినా ఇప్పుడు?"

"నిన్ను ఈదమన్నానా? గట్టు మీద కూర్చో. చూడు. అంతే."

వెళ్ళింది. నీలం పలకలు పరిచిన కొలను, క్లోరిన్ వాసన, తడిగోడల మధ్య గింగిరాలు తిరిగే మాటలు. నీళ్ళలో ఉన్నవాళ్ళందరూ నడివయసు దాటినవాళ్ళే. అందులో ఒకాయన రిటైరైన పోస్టుమాస్టరు. నిండైన విగ్రహం. జీవితమంతా గంభీరంగా ముద్రలు కొట్టిన మనిషి, ఇక్కడ మాత్రం ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని చంటిపిల్లాడిలా నిలబడ్డాడు. వదినగారు ఆయనతో భయపడకండి అని ఒక్కసారి కూడా అనలేదు. "మోకాళ్ళ దాకా దిగారుగా, ఇవాళ్టికి చాలు. రేపు నడుం దాకా," అంది.

మరుసటి రోజూ వెళ్ళింది. ఆ మరుసటి రోజూ వెళ్ళింది. పోస్టుమాస్టరు నడుం దాకా దిగాడు. తర్వాత ముఖం ముంచాడు. ఒకనాడు కడ్డీ వదిలి, రెండు బారలు వేసి, మునిగి, నీళ్ళు మింగి, దగ్గుతూ తిడుతూ గట్టెక్కాడు. "నాకొద్దు మేడమ్ ఈ గోల. ఈ వయసులో నాకు రాదు. ఇంటికెళ్తాను," అని తువ్వాలు అందుకున్నాడు.

వదినగారు ఆ తువ్వాలు మీద చెయ్యి వేసింది. "వెళ్దురుగాని. ముందు ఒకసారి మళ్ళీ దిగండి."

"చచ్చేవాణ్ణి ఇప్పుడే!"

"చావలేదుగా. నీళ్ళు మింగారు, దగ్గారు, నన్ను తిట్టారు, నిక్షేపంగా ఉన్నారు. ఇలాగే వెళ్ళిపోతే ఇంటికెళ్ళి ఆ మునిగిందే తలుచుకుంటూ కూర్చుంటారు. ఒక్క బార వేసి వెళ్ళండి. అది తలుచుకోండి."

ఆయన గొణుక్కుంటూ దిగాడు. ఒక్క బార అన్నవాడు నాలుగు వేశాడు.

గట్టు మీద కూర్చున్న ఫిడేలావిడకు పాత సంగతి గుర్తొచ్చింది. స్కూలు వేదిక మీద ఆగిపోయిన రోజున నాన్న ఎత్తుకుని తీసుకెళ్ళిపోయాడు. 'మళ్ళీ మొదలుపెట్టు తల్లీ' అని ఎవరూ అనలేదు. ఆగిపోయాక ఏం జరుగుతుందో ఆ పిల్లకు తెలియనే లేదు. ఇన్నేళ్ళూ తెలుసుకునే అవకాశం రాలేదు, వచ్చినా తీసుకోలేదు. నాతో చెప్పినప్పుడు ఆవిడ ఇలా అంది. "నాకు వాయించడం వచ్చన్నయ్యా. ఆగిపోతే మళ్ళీ అందుకోవడమే రాదు. అది నేర్చుకుంటే చాలేమో అనిపించింది."

అలా నేర్చుకోవడం మొదలుపెట్టింది.

మొదట వంటింట్లో, వదినగారి ముందు ఆ ఘట్టంలోంచి ఒక్క వరుస. "నాకు సంగీతం ఓనమాలు కూడా తెలియవే," అంది వదినగారు. "అందుకే నీ ముందు వదినా." రెండో రోజు రెండు వరుసలు. తర్వాత భర్త, స్కూలుకెళ్ళే కూతురు. ఆ తర్వాత వదినగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆగిపోవడం దానంతటదే వచ్చేదాకా ఎందుకు ఆగాలి, మనమే తెప్పిద్దాం అంది. ఇక చూడండి, మరదలు వాయిస్తుంటే ఉన్నట్టుండి ఈల ఊదేది. గిన్నె కింద పడేసేది. కూతురు తలుపు ధడాలున వేసేది. భర్త పాపం, తన వంతు వచ్చేసరికి "అడ్డొస్తున్నానా?" అని ముందే అడిగి అడ్డొచ్చేవాడు. శబ్దం రాగానే ఆవిడ ఆగిపోవాలి, ఒక్క ఊపిరి తీసుకోవాలి, ఆగిన చోటి నుంచి అందుకోవాలి. మళ్ళీ మొదటికి వెళ్ళకూడదు. అదే నియమం.

మొదట్లో ప్రతిసారీ మొదటికే పోయేది. చెయ్యి అలవాటుగా అక్కడికే వెళ్ళేది. ఏడుపొచ్చేది, కోపమొచ్చేది. "నీ ఈల పట్టుకెళ్ళి ఆ కొలనులో పారెయ్ వదినా," అని ఒకసారి అరిచింది. వదినగారు ఈల తీసి చేతిలో పెట్టి, "నాకింకోటుంది," అంది. మెల్లగా, ఎలాంటి శబ్దం వచ్చినా తర్వాతి స్వరం దొరకడం మొదలైంది. పక్కింటి వాళ్ళు ఒకరోజు గోడ మీద కొట్టారు, గోల ఎక్కువైందని. అది కూడా పనికొచ్చింది.

ఇంట్లో కుదిరింది కానీ ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళే. ఒక ఆదివారం ఈత అయిపోయాక వదినగారు కొలను గట్టు మీద అందరినీ కూర్చోబెట్టింది. తడిజుట్లతో, తువ్వాళ్ళు కప్పుకుని, చలికి ముడుచుకుని కూర్చున్నారు. "మా మరదలు వాయిస్తుంది, వినండి. బాగాలేకపోయినా లేవకండి," అని పరిచయం చేసింది.

ఫిడేలావిడ మొదలుపెట్టింది. ఆ గోడల మధ్య నాదం ఊహించనంత పెద్దదై తిరిగొచ్చింది. అందరూ తననే చూస్తున్నారు. రెండో వరుసలోకి వచ్చేసరికి చెయ్యి వణికింది. ఈల లేదు, గిన్నె లేదు, అసలైన ఆగిపోవడం అది. కమాను గాల్లో నిలబడిపోయింది. వదినగారు ఒక అడుగు ముందుకు వేయబోయి, తమాయించుకుంది.

తువ్వాలు ముసుగులోంచి పోస్టుమాస్టరు గొంతు వినిపించింది. "ఏమ్మా, మీరూ నీళ్ళు మింగారా? పర్లేదు, మళ్ళీ దిగండి."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఊపిరి తీసుకుంది. ఆగిన చోటి నుంచి అందుకుంది. చివరి దాకా వాయించింది. ఇంటికెళ్ళేటప్పుడు దారిలో వదినగారి చెయ్యి పట్టుకుని "అయింది వదినా, అయిపోయింది," అని ఎన్నిసార్లు అందో. "అయితే అయింది లేవే, బస్సెక్కు," అందిట ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఫిడేలావిడ తండ్రి దుకాణానికి వెళ్ళింది. ఆయన ఒక పాత ఫిడేలు వెనక చెక్క అతికించి, కదలకుండా బిగింపులు వేస్తున్నాడు. కూతురు పెట్టె తెరిచి, ఫిడేలు తీసి, పనిబల్ల ముందు నిలబడింది.

"నాన్నా, ఒకటి వాయిస్తాను. కూర్చో."

"ఇప్పుడెందుకమ్మా? అలిసిపోయి వచ్చావు. టీ తాగు ముందు."

"కూర్చో నాన్నా."

రెండు వరుసలు అయ్యేసరికి కమాను కొంచెం వణికింది. వెంటనే ముసలాయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకొచ్చాయి. అచ్చం ఆనాటి లాగే.

ఆవిడ వాయించడం ఆపలేదు. తల అడ్డంగా ఊపింది. పూర్తి చేసి కమాను దించింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

"నువ్వు వణుకుతుంటే నేను చూడలేనమ్మా."

"చూడకు నాన్నా. విను."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. వేళ్ళకు అంటిన జిగురు గీక్కున్నాడు. "ఆ రోజు నువ్వు ఏడవలేదు తెలుసా," అన్నాడు చివరికి. "నిలబడి ఆలోచిస్తున్నావు. నాకే కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీ అమ్మ ఉంటే కాస్త ఆగమనేదేమో. నేను ఆగలేకపోయాను."

ఆవిడకు కోపం రాలేదు. తన జంకు అనుకుని ఇన్నాళ్ళూ మోసింది సగం నాన్నదని తెలిసి భుజం మీది బరువు దిగినట్టే అయిందట. "ఇకనుంచి ఎవరితోనూ ఆ మాట అనకు నాన్నా. మా పిల్లకు జంకు అని."

"నోటికి అలవాటైపోయిందే తల్లీ."

"నాకూ అలవాటే అయింది. నేను మానుకుంటున్నాను. నువ్వూ మానుకో."

మర్నాడే మాస్టారి గదికి వెళ్ళి ఆ ఘట్టం తనకు కావాలని అడిగింది. మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టి చూశారు. "క్లారినెట్ బాగానే నడుస్తోంది కదా. ఇప్పుడు మార్చడం ఎందుకు?"

"అది ఫిడేలు కోసం రాసింది మాస్టారూ. ఊపిరి కోసం ఆగకూడదు అక్కడ."

"మరి నువ్వే ఆగిపోతే?"

"ఆగితే మళ్ళీ అందుకుంటాను."

రిహార్సల్‌లో వాయించమన్నారు. అందరి ముందూ మెట్లెక్కి నిలబడింది. నేను డ్రమ్ము పుల్లలు పిడికిలిలో బిగించి పట్టుకున్నాను. ఆగింది. ఇంత చేసీ మళ్ళీ ఆగింది. గుంటలో ఎవరూ తలెత్తలేదు. వెనక నుంచి చూస్తున్న నాకు ఆవిడ భుజాలు ఒకసారి లేచి దిగడం కనిపించింది. ఊపిరి. తర్వాతి స్వరం ఉన్న చోటి నుంచే నాదం మళ్ళీ వచ్చింది. చివరిదాకా సాగింది. మూడో వరుసలో ఎక్కడా తెగలేదు.

"చూద్దాం," అన్నారు మాస్టారు. అది ఒప్పుకోవడమూ కాదు, కాదనడమూ కాదు. ఆవిడ మళ్ళీ వారం అడిగింది. ఆ పై వారం అడిగింది. ఇన్నేళ్ళలో నోరు తెరిచి కుర్చీ జరపమని కూడా అడగని మనిషి ఇలా వెంటపడుతుంటే మాస్టారే విసుక్కుని, "సరే, మధ్యాహ్నం ఆటలు నీవి. సాయంత్రం ఆటలు అతనివి," అన్నారు. క్లారినెట్ అతను మంచివాడు. "నాకూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది లెండి," అన్నాడు.

మొదటి మధ్యాహ్నం ఆటకు హాలు సగమే నిండింది. దీపాలు ఆరాయి. ఆవిడ మెట్లెక్కింది. వెలుగు మీద పడింది. మొదటి పొడుగు నాదం వణికింది. దాచినా దాగని వణుకది, నాకు స్పష్టంగా వినిపించింది. ఎవరో దగ్గారు. ఆవిడ కమాను మీద పట్టు బిగించలేదు, వదలనూ లేదు. వణుకుతూనే వాయించింది. రెండో వరుసకు వణుకు తగ్గింది. మూడో వరుసలో ఆ తల్లి గుమ్మం దాటింది, నాదం ఆమె వెంట లోపలికి వెళ్ళింది. చివరికి దగ్గర్లో ఒక పై స్వరం తప్పింది. దాటేసి వెళ్ళిపోయింది. హాల్లో చప్పట్లు మోగాయి. సగం హాలు కొట్టే చప్పట్లు ఎంతుంటాయో అంతే.

కిందికి దిగేటప్పుడు ఆఖరి మెట్టు దగ్గర తడబడింది. నేను చెయ్యి అందించాను.

"వణికింది కదూ?"

"వణికింది."

"ఒక స్వరం పోయింది."

"పోయింది."

"అయినా పూర్తయింది," అంది, అదేదో తనకు కొత్తగా తెలిసిన సంగతిలా. చివరి కుర్చీలో కూర్చుని, తర్వాతి పాటకు అందరికంటే ముందు కమాను ఎత్తింది. ఆ మధ్యాహ్నం మిగతా నాటకంలో ఆవిడ ఫిడేలు నాకు విడిగా వినపడింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

అన్ని రోజులూ అలా గడవలేదు. ఒక మధ్యాహ్నం మధ్యలో పూర్తిగా ఆగిపోయి, రెండుసార్లు అందుకోబోయి, తప్పుల తడకగా ముగించింది. ఆ రోజే ఒక పత్రిక అతను వచ్చి ఉన్నాడు, ఫిడేలు నిరాశపరిచిందని రాశాడు. మళ్ళీ మాత్రల సంచి తెచ్చుకుంటుందేమో అనుకున్నాను. మర్నాడు అందరికంటే ముందు వచ్చింది. "ఎక్కడ జారిందో పట్టుకున్నానన్నయ్యా. వేలు ముందే ఎత్తేస్తున్నాను," అని చూపించింది. పూర్వం అయితే తప్పు జరిగితే "నాకు రాదు" అనేది. ఇప్పుడు "ఈ వేలు" అంటోంది. ఒక వేలు అయితే బాగుచేసుకోవచ్చు కదా. బాగుచేసుకుంది. కడుపునొప్పి ఎప్పుడు తగ్గిందో ఆవిడే గమనించలేదు. ఇప్పటికీ కొన్నిసార్లు వస్తుంది, ఉంటుంది, పోతుంది అంటుంది.

మోచెయ్యి అతుక్కున్నా పెద్దాయన తిరిగి రాలేనన్నారు. మొదటి ఫిడేలు చోటు ఈవిడకు రాలేదు. బయటి నుంచి వచ్చిన ఒక యువకుడికి దక్కింది. అతను నిజంగా గొప్పగా వాయిస్తాడు, ఆ మాట ఈవిడే అంటుంది. ఈవిడ అతని పక్కన, ముందు వరుసలో రెండో కుర్చీకి మారింది. చివరి కుర్చీ అనే పేరు మాత్రం పోలేదు. ముందు కూర్చున్న మనిషిని అలా పిలుస్తుంటే కొత్తవాళ్ళు తికమకపడతారు. తల్లి ఘట్టం ఇప్పుడు రెండు ఆటల్లోనూ ఈవిడదే. తండ్రి ఒక సాయంత్రం వచ్చాడు. హాల్లో కూర్చోలేక వరండాలో తలుపు పక్కన నిలబడి విన్నాడని టికెట్లు చింపే అతను చెప్పాడు. వెళ్ళేటప్పుడు అతనితో "ఆ వాయించింది మా అమ్మాయి," అన్నాడట. అంతకుమించి ఒక్క ముక్క కలపలేదట.

ఆదివారాలు ఆవిడ ఇంట్లో కొందరు పెద్దవాళ్ళకు ఫిడేలు నేర్పుతోంది. పోస్టుమాస్టరు కూడా చేరాడు. ఆయన కమాను పడితే పిల్లులు వీధి దాటతాయని వదినగారు అంటుంది. ఆయన పట్టించుకోడు. తప్పు వాయించి ఆగినప్పుడు ఈవిడ ఏమీ అనదు. ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆయన అందుకునేదాకా ఎవరినీ కదలనివ్వదు.

ఈమధ్య మాస్టారు కొత్త నాటకానికి ఫిడేలు ఘట్టం ఒకటి రాశారు. పాతదానికి రెండింతలు ఉంటుంది, ఎడమచేతికి నానా కష్టం. మొదటి ఫిడేలు కుర్రాడే కాగితం చూసి ఈల వేశాడు. ఇద్దరూ నేర్చుకోండి, ఎవరికి కుదిరితే వాళ్ళు వాయించండి అన్నారు మాస్టారు. నిన్న పొద్దున నేను వచ్చేసరికి వాద్యాల గదిలో ఫిడేలు మోగుతోంది. తలుపు తీసే ఉంది. ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వాయిస్తోంది, మళ్ళీ మళ్ళీ అక్కడే తప్పుతోంది. నన్ను చూసి తలూపింది కానీ ఆపలేదు. నేను డ్రమ్ము బిగించుకుంటూ విన్నాను. రిహార్సల్ గంట కొట్టేదాకా ఆ ముక్క కుదరలేదు.

"రాలేదన్నయ్యా ఇంకా," అంది ఫిడేలు చంకన పెట్టుకుని గుంటలోకి దిగుతూ. "రేపు ఇంకాస్త ముందు వస్తాను."